ఎడమ కాలికి పని

కిందటి వారం చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వర్ణిక హీరోయిన్లకు డూపుగా కార్లు నడిపే పిల్ల. రహమత్ నగర్‌లో పుట్టి, పంతొమ్మిదో ఏట స్టీరింగ్ పట్టి, పదకొండేళ్ళు విగ్గులు పెట్టుకుని వేరేవాళ్ళ పేరు మీద బండ్లు గాల్లోకి లేపింది. ఎనిమిది నెలల క్రితం ఒక షూటింగ్‌లో, షాట్ మధ్యలో, ఆమె కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకే వస్తున్న కెమెరా బండి వచ్చి గుద్దింది. ఆ కెమెరా బండి నడుపుతున్నది ఎవరో కాదు, ఆమె తండ్రి వీరభద్రం. ముప్పై ఏళ్ళు సినిమావాళ్ళ బండ్లు తోలిన మనిషికి ఆ రోజుతో ఎడమ పాదం పనికిరాకుండా పోయింది. పాదం ఉంది, మాట వినదు.

వర్ణిక తలకి దెబ్బ తగిలింది. ఆ పొద్దున రిహార్సల్ దాకా గుర్తుంది, ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు. సినిమా కథలో మతిమరుపు వచ్చిందని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. తలకి దెబ్బ తగిలినవాళ్ళని అడిగితే, ఆ కాసేపు ఎలా చెరిగిపోతుందో వాళ్ళే చెప్తారు. మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఊరంతా చెప్పింది, ఆడపిల్ల భయపడి బ్రేక్ కొట్టిందని. ఫైటర్ల మధ్య ఆమె పేరు ‘బ్రేక్ వర్ణిక’ అయిపోయింది. పిలుపులు ఆగిపోయాయి. అందరూ అంటుంటే వర్ణిక కూడా నమ్మేసింది. నాన్న కాలు పోవడానికి తన భయమే కారణమనుకుని, స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకుంది.

ఇప్పుడు బామ్మ వేషాల లీలాకుమారిగారు శ్రీనగర్ కాలనీ నుంచి కబురు పెట్టారు. సోమవారం నుంచి ఆవిడకి కొత్త సినిమా. వీరభద్రం సొంత బండి తెచ్చుకుంటే అందులోనే షూటింగ్‌కి వస్తాను, ఇంకొకళ్ళ బండి ఎక్కను అన్నారు. అందుకే ఆ శుక్రవారం పదకొండు గంటలకి తండ్రీకూతుళ్ళు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక పాత కార్ల షోరూంలో నిలబడి, నలుగురూ చూసేలా పోట్లాడుకుంటున్నారు.

పక్కపక్కనే రెండు డీజిల్ కార్లు ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే తెలుపు. తలుపు తీసి కిందికి చూస్తే గానీ తేడా తెలియదు. ఒకదాంట్లో మూడు పెడల్స్, రెండోదాంట్లో రెండే.

“ఇంజన్ రెండిట్లో సేమ్ అంకుల్,” అన్నాడు సుహాస్. షోరూంలో సేల్స్ చూసే కుర్రాడు, రాజమండ్రి నుంచి వచ్చి ఏడాదైంది. “మాన్యువల్ అయితే మైలేజీ కొంచెం ఎక్కువండీ, రిపేర్లు కూడా ఎక్కడైనా చేస్తారు. ఆటోమేటిక్ అయితే ట్రాఫిక్‌లో హాయి. డీజిల్ బండి క్లచ్ గట్టిగా ఉంటుంది కదా. ఇందులో ఎడమ కాలికి పనే ఉండదు.”

“నా ఎడమ కాలుకు దేవుడే రెస్ట్ ఇచ్చిండు. నీ సిఫార్సు అక్కర్లేదు,” అన్నాడు వీరభద్రం. “గేర్ మార్చనిది బండెట్లయితది? గది లిఫ్టు. బటన్ ఒత్తితే పోతది.”

“నాయినా, మొండికెయ్యకు,” అంది వర్ణిక. “నడిపేది నువ్వు. నీ కుడి కాలు మంచిగున్నది. రెండు పెడల్స్ చాలు నీకు. సోమవారం పొద్దుగాల అమ్మగారి ఇంటి ముంగట నిలబడాలె నువ్వు.”

“నడిపేది నేనని ఎవరన్నరు? నువ్వు నడుపుతవ్. నేను పక్కన కూసుంట.”

“నేను స్టీరింగ్ ముట్టనని చెప్పిన గద!”

“అందుకే మూడు పెడల్స్‌ది తీస్కుందామంటున్న. అప్పుడు నాతోటి కాదు గద, నువ్వే నడపాల్సొస్తది.”

చూశారా ముసలాయన ఎత్తు! కూతురు నాన్న కాలు చూసి బండి ఎంచుతుంటే, నాన్న కూతురి కాళ్ళు చూసి ఎంచుతున్నాడు. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరికీ కోపమే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడంలో ఆ ఇంట్లో ఒకరికొకరు తీసిపోరు. సుహాస్ రెండు తాళాలు రెండు చేతుల్లో పట్టుకుని, తీర్పు ఎటు వస్తుందా అని ఇటోసారి అటోసారి చూస్తున్నాడు.

వర్ణికకి తిక్క రేగింది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఇంట్లో ఆటోమేటిక్ అన్న మాట వినబడితే చాలు, ఆయన లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు. తన అవిటితనం ఒప్పుకోలేక అలా చేస్తున్నాడని ఆమె అనుకుంది. ఒప్పిస్తే గానీ మనిషి బతికి బట్టకట్టడని కూడా అనుకుంది.

“ఓ తమ్ముడూ, గా రెండు పెడల్స్ బండి తాళమియ్యి,” అంది. “నువ్వు కూసోవు గద నాయినా? నేనే కూసుంట. నడిపి చూపిస్త. ఇంత అల్కగ ఉంటదా అని నీ కండ్లతోటి చూసినంక మాట్లాడు.”

అప్పుడు వీరభద్రం ముఖంలో రంగు మారింది. “గది వద్దు,” అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది. “నడపాలనుకుంటే గేర్ బండి నడుపు బిడ్డా. గది మాత్రం వద్దు.”

ఆ గొంతులో ఏదో ఉందని వర్ణిక ఆగి వినాల్సింది. వినలేదు. కోపంలో ఉన్నవాళ్ళకి చెవులు ఎక్కడ పనిచేస్తాయి? తాళం లాక్కుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. తండ్రి చేతికర్ర లోపలికి లాక్కుని పక్క సీట్లో కూర్చున్నాడు. సుహాస్ వెనక కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

బ్రేక్ మీంచి కాలు తీస్తే చాలు, బండి దానంతటదే మెల్లగా పాకింది. చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్‌నగర్ వైపు ఎత్తు ఎక్కేసరికి వర్ణిక భుజాలు వదులయ్యాయి. ఎనిమిది నెలలు పస్తులున్న చేతులు స్టీరింగ్‌ని ఆబగా పట్టుకున్నాయి. డీజిల్ ఇంజన్ ఎత్తులో కూడా రొప్పకుండా లాగుతోంది. నాకు మాత్రం ఆ పిల్లని అలా చూస్తుంటే, పోనీలే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది అని సంతోషమేసింది.

ఎత్తు సగంలో ఉండగా పక్క సందులోంచి నీళ్ళ ట్యాంకరొకటి వెనక్కి వస్తూ రోడ్డు మీదకి తోక పెట్టింది. దూరం ఉంది, ప్రమాదమేమీ లేదు. స్పీడు తగ్గించి, గేరు దించి, పక్కనుంచి తప్పించుకుపోవాలి. అంతే. ఎడమ చెయ్యి గేరు మీదకి వెళ్ళింది. ఎడమ కాలు లేచి, క్లచ్ ఉండే చోట బలమంతా పెట్టి తొక్కింది.

కారు గోడకి కొట్టుకున్నట్టు ఆగింది. బెల్టులు ఛాతీల మీద బిగుసుకున్నాయి. వీరభద్రం కర్ర ఎగిరి అద్దానికి తగిలింది. సుహాస్ ఫోను వెనక సీట్లోంచి వచ్చి వర్ణిక ఒళ్ళో పడింది. వెనక ఆటోవాడు వెంట్రుకవాసిలో తప్పించుకుని, “ఏందక్కా, గట్ల ఆపుతరా నడి రోడ్డు మీద!” అని అరుచుకుంటూ పోయాడు.

వర్ణిక కిందికి చూసింది. ఎడమ కాలు బ్రేక్ మీద ఉంది. ఇంకా నొక్కే ఉంది.

భయం లేదు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ట్యాంకర్‌ని చూసి ఆమె జంకలేదు, దాన్ని ఎలా దాటాలో ముందే లెక్క వేసుకుంది. అయినా బండి ఆగిపోయింది.

“తమ్ముడూ,” అంది వెనక్కి తిరగకుండానే. “గేర్ బండి తోలేటోళ్ళు గిట్ల చేస్తరా?”

“అందరూ చేస్తారు మేడమ్. మొదటిసారి ఎక్కితే గ్యారంటీగా చేస్తారు. క్లచ్ అనుకుని ఎడమ కాలు పెట్టేస్తారు, అక్కడ బ్రేక్ ఉంటుంది,” అన్నాడు సుహాస్ ఛాతీ రుద్దుకుంటూ. “అందుకే ఆ కాలిని సీటు కిందకి మడిచి పెట్టుకోమని చెప్తాం. మీరు డ్రైవర్ కదా అని నేను చెప్పలేదు. తప్పు నాదేనండీ.”

వర్ణిక బండి పక్కకి తీసి ఆపింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కార్ల ఫైట్లున్న సినిమాకి ఒకే కారు పెట్టరు. ఒకే రంగువి రెండు తెచ్చి, రెండింటికీ ఒకే నంబరు ప్లేటు బిగిస్తారు. ఒకటి దెబ్బతింటే ఇంకోటి ఉంటుంది, తెర మీద చూసేవాడికి తేడా తెలియదు. వర్ణిక చేసిన ఆ సినిమా హీరో విహారిది. అందులో అతను రేసులు గెలిచే డ్రైవరు. అసలు విహారికి క్లచ్ వదలడం రాదు, వదిలితే బండి దబ్బున ఆగిపోతుంది. అందుకని ఆ జంటలో ఒకటి మాన్యువలూ, రెండోది ఆటోమేటిక్కూ తెప్పించారు. యూనిట్‌లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పోస్టర్ మీద గేరు పట్టుకున్న పిడికిలి కనిపిస్తుందే, ఆ చెయ్యి వీరభద్రానిది. గడియారం మాత్రం విహారిది.

“రిహార్సల్ మూడుసార్లు గేర్ బండిల చేసిన,” అంది వర్ణిక. ఒక్కొక్క మాటా తవ్వి తీస్తున్నట్టు మాట్లాడుతోంది. “మూడోసారి క్లచ్ మాడిన వాసనొచ్చింది. గది యాదికున్నది. అంటే షాట్‌కు గా బండి పనికిరాదు. నాయినా, నాకు బండి మార్చిన్రు. విహారి బాబు బండి ఇచ్చిన్రు.”

వీరభద్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“నేను భయపడలే నాయినా!” అంది. ఆ మాట అనగానే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వింది. “ఎనిమిది నెలలు... నేను భయపడలే!”

“ఇంటికి పోదాం బిడ్డా.”

“ఇంటికి కాదు. రావుగారి ఆఫీసుకు.”

ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లోనే, అక్కడికి నాలుగు మలుపులు. షూటింగ్‌లో ఏ మనిషికి ఏ బండి అన్నది ఆయన చెప్పిందే వేదం. వర్ణిక మొదటి మలుపు తిప్పగానే సుహాస్ ముందుకి వంగాడు.

“మేడమ్, టెస్ట్ డ్రైవ్ రూట్ ఇది కాదండీ. మా మేనేజర్ ఒప్పుకోరు.”

“కస్టమర్ బండిని మంచిగ టెస్ట్ చేస్తున్నదని చెప్పు మీ మేనేజర్‌కు.”

ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. తండ్రిని కారులోనే కూర్చోమని చెప్పి వర్ణిక మెట్లెక్కింది. చలపతిరావు క్రీం రంగు చొక్కాలో, ముందు రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక గోడ నిండా విహారి పోస్టర్, గేరు మీద పిడికిలి.

“ఏంటమ్మా వర్ణికా, ఎన్నాళ్ళకి! నాన్న ఎలా ఉన్నాడు? కూర్చో, టీ చెప్తాను.”

“టీ వద్దు సార్. ఆ రోజు షాట్‌ల నేను నడిపిన బండి యాడున్నదో చెప్పండ్రి. ఒక్కసారి చూసి పోత.”

“ఇప్పుడెందుకమ్మా ఆ గొడవంతా? అది తుక్కు కింద ఎప్పుడో పోయింది. అయినా మన సినిమాలో ఆటోమేటిక్ బండనేదే లేదు కదా.”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. వర్ణిక కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నేను ఆటోమేటిక్ అన్ననా సార్?”

చలపతిరావు ఫోను తీసి మళ్ళీ పెట్టాడు. అప్పటిదాకా ఉన్న తీపి గొంతులోంచి దిగిపోయింది. “చూడమ్మా. నువ్వు భయపడ్డావు, బ్రేక్ వేశావు. యూనిట్ అంతా చూసింది. పోనీలే వీరభద్రం కూతురని ఎవరూ నీ మీద కేసు పెట్టలేదు, దానికి సంతోషించు. ఇంకో నెలలో రిలీజు పెట్టుకుని, మా హీరోకి గేర్లు రావని నువ్వు ఊరంతా చెప్పుకు తిరిగావంటే, ఈ ఫిల్మ్‌నగర్‌లో నీకు సైకిలు తొక్కే పని కూడా దొరకదు.”

“ఎనిమిది నెలల సంది దొరుకుతలేదు సార్. కొత్తగ ఏం పోతది నాకు?”

“వర్ణికా!”

“మీ హీరోకు క్లచ్ రాకుంటే నాకేంది సార్? పోస్టర్ మీద ఆయన పేరే ఏస్కోండ్రి. నా పేరు ఎప్పుడన్న ఏసిన్రా, నేను ఎప్పుడన్న అడిగిన్నా? విగ్గు పెట్టుకోమంటే పెట్టుకున్న, దునుకుమంటే దునికిన. కానీ భయపడ్డదన్న మాట మాత్రం నేను మొయ్య. మీరే చెప్పండ్రి, భయపడ్డోళ్ళు ఎడమ కాలుతోటి బ్రేక్ తొక్కుతరా? పదకొండేండ్లు క్లచ్ తొక్కిన కాలు ఇది. ఆ రోజు దాని పని అది చేసింది. ఆడ క్లచ్ లేకుంట చేసింది మీరు. బండి మార్చినం, ఒక రౌండ్ కొట్టి చూసుకో అని ఒక్కరన్న చెప్పిన్రా నాకు?”

బాగా అడిగింది. ఎనిమిది నెలలుగా ఎవరో ఒకరు అడగాల్సిన మాట, ఆ పిల్లే అడిగింది. మనిషి తప్పు చేస్తే ఒక పూట తిట్టి ఊరుకోవచ్చు, చెయ్యని తప్పుకి పేరు పెట్టి పిలవడం ఏం న్యాయం?

చలపతిరావు సొరుగు లాగి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితమొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

“చదువుకో. ఆసుపత్రిలో రాయించింది. ‘షాట్‌లో వాడిన వాహనం మాన్యువల్ గేర్ వాహనం. వాహనంలో లోపమేమీ లేదు.’ కింద సంతకం ఎవరిదో చూడు.”

కె. వీరభద్రం. వంకర లేకుండా, స్పష్టంగా, బడిపిల్లల దస్తూరీలా ఉన్న ఆ సంతకాన్ని ఆమె రేషన్ కార్డు మీద, స్కూలు ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద, తన మొదటి లైసెన్స్ ఫారం మీద చూసింది. మందు మత్తులో చేసిన సంతకంలా లేదు.

“మోసంతోటి పెట్టించుకున్నరు,” అంది. కానీ గొంతులో ఇందాకటి బలం లేదు.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక చప్పుడు, ఒక ఈడ్పు, మళ్ళీ ఒక చప్పుడు. సుహాస్ భుజం పట్టుకుని వీరభద్రం గుమ్మంలోకి వచ్చాడు. ఆయాసంతో గోడకి ఆనుకున్నాడు.

“సమయానికి వచ్చావు వీరభద్రం,” అన్నాడు చలపతిరావు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు. “నీ కూతురు లేనిపోనివి మాట్లాడుతోంది. ఆ రోజు షాట్‌లో ఏ బండి పెట్టామో నువ్వే చెప్పు. నీ మాటే ఆఖరు.”

వీరభద్రం పోస్టర్ కేసి చూశాడు. గేరు మీద తన పిడికిలి, దాని మీద ఇంకొకళ్ళ గడియారం. తర్వాత కూతురి కేసి చూశాడు.

“ఆటోమేటిక్,” అన్నాడు.

వర్ణిక కళ్ళు మెరిశాయి. చలపతిరావు కుర్చీలోంచి సగం లేచాడు. ఆ గదిలో ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ పిల్ల గెలిచింది.

“అలాగా,” అన్నాడు చలపతిరావు మెల్లగా. “చెప్పేటప్పుడు మొత్తం చెప్పాలి కదా వీరభద్రం. గేర్ బండి పక్కన పెట్టించి, ఆ ఆటోమేటిక్ తాళం తెచ్చి నీ కూతురి చేతిలో ఎవరు పెట్టారో కూడా చెప్పు. నేనా?”

“నాయినా?”

“నేనే బిడ్డా,” అన్నాడు వీరభద్రం. “నేనే ఇచ్చిన. తెలిసే ఇచ్చిన.”

చలపతిరావు కాగితాన్ని కవర్లోకి తోయబోతుంటే వర్ణిక చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన వదిలేశాడు. దాన్ని మడిచి తన జేబులో పెట్టుకుంది.

“ఎందుకు?” అంది.

“గీ గదిల చెప్పేది కాదు. బండిల చెప్త. నువ్వు నడుపు.”

ఎనిమిది నెలల్లో మొదటిసారి, మెట్లు దిగేటప్పుడు ఆమె తండ్రికి భుజం ఇవ్వలేదు. సుహాసే పట్టుకుని దింపాడు. అతని ఫోన్ ఆగకుండా మోగుతోంది, షోరూం మేనేజరే అయివుంటాడు. ఈసారి ఆ కుర్రాడు రూట్ గురించి మాట్లాడలేదు, ఫోన్ కట్టేసి వెనక సీట్లో ఒక మూలకి జరిగి కూర్చున్నాడు.

వర్ణిక డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఎడమ కాలిని వెనక్కి మడిచి, సీటు కిందికి నెట్టి పెట్టుకుంది. ఇంజన్ స్టార్ట్ చేసింది. బ్రేక్ మీంచి కుడి కాలు తీసింది. బండి దానంతటదే ముందుకి పాకింది.

“ఇగ చెప్పు,” అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “నేను భయపడి బ్రేక్ కొట్టిన్నని ఊరంతా అంటుంటే, అన్నీ తెల్సి నోరు మూస్కోని ఎట్ల కూసున్నవ్?”

వీరభద్రం రెండు చేతులూ కర్ర మీద పెట్టుకున్నాడు.

“ఆ రోజు షాట్‌కు ముంగట ఒక్క మనిషి భయపడ్డది నిజమే బిడ్డా,” అన్నాడు. “గది నువ్వు కాదు. నేను.”

(సశేషం)